తెల్ల చొక్కా, ఎతు పెళ్ళిచాప

ఫలెపూనా, సవాయి దీవి
మార్చి 8

ఒరేయ్ పీతపిల్లా,

ఇరవై రెండేళ్ళొచ్చినా నువ్వు నాకు పీతపిల్లవే. చిన్నప్పుడు ఒడ్డున బంతి పట్టుకుని అడ్డంగా పరిగెత్తేవాడివి, అలాగే ఉండిపోయావు నా కళ్ళలో.

ఇక్కడ అందరం బాగున్నాం, మీ నాన్న మోకాలు తప్ప. ఈ ఉత్తరం మీ అన్న సమాధి మీద కూర్చుని రాస్తున్నాను. మన వాకిట్లో ఇంత చల్లటి గచ్చు ఇంకెక్కడుంది? కోళ్ళు కూడా ఇక్కడికే చేరతాయి. ఎతుకి కోళ్ళంటే ఇష్టం కదా, తోలబుద్ధి కాదు. వాడు పోయి ఏడాది దాటింది. వాడి పెళ్ళికని మొదలుపెట్టిన చాప మొన్ననే పూర్తయింది. ఊరికే వదిలేయమన్నారు అందరూ. చేతులు ఊరుకోలేదు. పట్టులాగా వచ్చిందిరా, మడిస్తే గుప్పిట్లో పడుతుంది.

అసలు సంగతి చెబుతాను. మొన్న సాయంత్రం శంఖం ఊదారు, ఊరంతా ప్రార్థనకి కూర్చుంది. సరిగ్గా అప్పుడు ఒక నీలం బండి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. మన కాపలా కుర్రాళ్ళు ఆపేశారు. ప్రార్థన వేళ బండి నడిపినందుకు ఒక పెట్టె డబ్బా చేపలు జరిమానా అన్నారు. దిగినవాడు సమోవా ఫుట్‌బాల్ జట్టు మేనేజరట! పాపం చేపలు కొనిచ్చి, మన ఇంటికొచ్చి, ఆ చేపలే భోంచేశాడు.

"అమ్మగారూ, మీ మిసి అక్కడ ఆక్లాండులో దుమ్ము దులుపుతున్నాడు. జూలైలో అపియాలో న్యూజిలాండ్‌తో మాకు పెద్ద ఆట ఉంది. మావైపు ఆడమనండి" అన్నాడు.

నేనైతే ఒక్క ముక్కలో సరే అనేదాన్ని. మీ నాన్న లేచి, సభలో పట్టుకునే కర్ర తీసుకుని, ముత్తాతల పేర్ల దగ్గర మొదలుపెట్టాడు. మేనేజరు గోడకి ఆనుకుని నిద్రపోయాడు. లేచేసరికి మీ నాన్న సరే అన్నాడు.

ఎతు ఆడిన జట్టురా. గుర్తుందా, వాడు గోల్‌లో నిలబడి న్యూజిలాండ్ వాళ్ళ చేతిలో ఎడాపెడా గోల్స్ తిని ఇంటికొచ్చి ఏమన్నాడో? "ఆ రోజు బంతిని నాకన్నా ఎక్కువసార్లు ముట్టుకున్నవాడు లేడమ్మా" అన్నాడు. ఏడవాల్సింది పోయి ఇంటిల్లిపాదీ నవ్వాం.

నువ్వొస్తే వాడు ఆడిన మైదానంలో నిన్ను చూసుకుంటాను. ఎనిమిదేళ్ళ వాడివప్పుడు పిల్లల్లేని మీ అత్తకి నిన్ను పెంచుకోమని ఇచ్చాను. నేనేం చింతపడలేదు, మన వాళ్ళలో అందరూ ఇచ్చేదే. అప్పుడు నాకు ఎతు ఉన్నాడు కదా.

మీ అత్తకి చెప్పు, పంపిన సబ్బులు అందాయి. వేళకి తిను.

అమ్మ

*

మాంగెరె, ఆక్లాండ్
మార్చి 29

అమ్మా,

నీ ఉత్తరం చదివి అత్తకి వినిపించాను. డబ్బా చేపల దగ్గర పడీ పడీ నవ్వింది. మేనేజరు అడిగింది చదివాక వంటగదిలోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ పెడుతోంది.

ఎందుకంటే ఇక్కడి వాళ్ళు కూడా పిలిచారమ్మా. న్యూజిలాండ్ జట్టు కోచ్ ఫెర్రిస్ గారని ఒక పొడుగాయన. కోల్డ్ స్టోరేజీలో నేను మాంసం పెట్టెలు మోస్తుంటే అక్కడికే వచ్చి అడిగాడు. చలికి ఆయన ముక్కు ఎర్రగా అయిపోయింది, అయినా కదల్లేదు.

నాకు రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి కాబట్టి ఎటైనా ఆడొచ్చట. కానీ ఒక్కటే. పెద్ద పోటీలో ఒకసారి ఒక దేశం చొక్కా వేసుకుని మైదానంలో కాలు పెడితే, ఇక రెండో దేశం తరఫున జన్మలో ఆడనివ్వరు. జూలై ఆట అలాంటిదే.

నాకేం తోచడం లేదు. దయచేసి ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా పాస్టరమ్మకి.

మిసి

*

ఫలెపూనా
ఏప్రిల్ 14

పీతపిల్లా,

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. నా కళ్ళజోడు కనపడకపోతే పాస్టరమ్మ చదివి పెట్టింది, అంతే. పక్కన ఆవిడ చెల్లెలు ఉంది, ఆవిడ బయటి మనిషి కాదు. సోమవారం పెద్దల సభలో దీని మీదే మాట్లాడుకున్నారు.

ఒక్కటే ఎంచుకోవాలా? ఎవడ్రా ఆ రూలు పెట్టింది? వాడికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరా? నాకు మా నాన్న ఊళ్ళో కూర్చునే చోటుంది, మా అమ్మ ఊళ్ళో ఉంది, మీ నాన్న ఊళ్ళో ఉంది. ఎక్కడికెళ్ళినా "రా, కూర్చో" అంటారు. ఇటా అటా తేల్చుకుని రమ్మని గుమ్మంలో నిలబెట్టరు. ఈ ఫుట్‌బాల్ వాళ్ళకి చుట్టరికాలు తెలియవు.

నాకొక ఉపాయం తోచింది. సగం ఆట అటు ఆడు, విశ్రాంతి అయ్యాక సగం ఇటు ఆడు. చొక్కా మార్చుకోవడానికి టైము ఇస్తారు కదా. పాస్టరు గారు కూడా ఇది న్యాయంగా ఉందన్నారు. కానీ మీ నాన్న, "అటు ఆడినప్పుడు గోల్ కొడితే ఇటు వచ్చాక దాన్ని తిరిగి కొట్టాలి, వాడికి డబుల్ పని" అన్నాడు. అదీ నిజమే.

సరే, పెద్దవాళ్ళ మాట పెద్దవాళ్ళు చూసుకుంటారు. పాస్టరమ్మ చెల్లెలి ఆపరేషను కోసం ఇద్దరూ ఆక్లాండు వస్తున్నారు. ఆవిడతో మీ ఫెర్రిస్ గారికి ఒకటి పంపుతున్నాను. ఏమిటో, ఎందుకో ఆవిడే ఆయనకి చెబుతుంది. నువ్వు మధ్యలో తలదూర్చకు.

ఎందుకో ఇవాళ మా పెళ్ళి సంగతి గుర్తొచ్చింది. మీ నాయనమ్మ చాప పట్టుకుని మా ఇంటికొచ్చి నన్ను కోడలిగా ఇమ్మని అడిగింది. మా నాన్న రెండు చేతులా తీసుకున్నాడు. అంతే, అయిపోయింది. నీకిష్టమేనా అని తరవాత నన్నెవరూ అడగలేదు. నేను వెనకాల చేమదుంపలు చెక్కు తీస్తున్నాను.

అత్తకి గిన్నెలు మెల్లగా పెట్టమని చెప్పు, అవి నేనిచ్చినవే. వేళకి తిను.

అమ్మ

*

మాంగెరె
మే 10

అమ్మా,

ఏం చెప్పను. పని నుంచి ఫెర్రిస్ గారి జట్టు సాధన చేసే మైదానానికి వెళ్ళేసరికి ఆలస్యమైంది. అప్పటికే పాస్టరమ్మ తెల్ల టోపీ పెట్టుకుని జట్టంతటి ముందూ నిలబడి ఉపన్యాసం ముగిస్తోంది. అంతా మన భాషలోనే. అక్కడ ఒక్కడికీ ఆ భాష రాదు. మా కెప్టెన్ నాతో అన్నాడు: "ఏం చెప్పిందో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఎందుకో అందరం టోపీలు తీసేశాం."

తరవాత ఆవిడ మడత విప్పింది. ఎతు పెళ్ళిచాప!

ఫెర్రిస్ గారు రెండు చేతులా అందుకున్నాడు. పాస్టరమ్మ సైగ చేస్తే తలకి కూడా ఆనించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడమ్మా. మీటింగు గదిలో గోడకి వేలాడదీశాడు. పాస్టరమ్మ నా చెంప తట్టి, "అంతా అయిపోయింది నాయనా, తీసుకున్నాడు" అని వెళ్ళిపోయింది.

అన్నిటికన్నా విలువైనది ఇచ్చేశావు. నీ మనసు నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ నువ్వేమనుకుంటావో అని నిద్ర పట్టేది కాదు. మర్నాడే ఫెర్రిస్ గారికి నా మాట చెప్పేశాను. ఆయన నన్ను కౌగిలించుకున్నాడు. అత్త గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మిసి

*

ఫలెపూనా
మే 28

నా బంగారు పీతపిల్లా,

నీ ఉత్తరం చర్చిలో చదివించాను. ముసలాళ్ళు చప్పట్లు కొట్టారు.

నీ మాట విని కౌగిలించుకున్నాడంటే ఆయనెంత పెద్దమనిషి! తెల్లవాళ్ళకి మన పద్ధతులు తెలియవనుకున్నాను. తలకి ఆనించుకున్నాడంటే అన్నీ తెలిసినవాడే. ఆయన కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించాను. ఆయనకి జరిగిన నష్టాన్ని దేవుడే ఇంకోలా పూడుస్తాడని చెప్పు.

మేనేజరు మళ్ళీ వచ్చాడు, ఈసారి ప్రార్థన అయ్యాకే. "కుర్రాడు సాధనకి ఎప్పుడొస్తాడు?" అన్నాడు. "మా మాట అయిపోయింది. ఆట రోజుకి వస్తాడు. మావాడికి సాధన అక్కర్లేదు" అని మీ నాన్న కర్ర తాటించాడు. అతను ఇంకేదో అడగబోయి, మీ నాన్న మళ్ళీ ముత్తాతల దగ్గర మొదలుపెట్టేలా ఉన్నాడని బండెక్కేశాడు.

చాప లేకపోతే ఇల్లు కొంచెం బోసిగా ఉంది. ఫరవాలేదు. దాని బదులు నువ్వొస్తున్నావు. బాగా తిను.

అమ్మ

*

మాంగెరె
జూన్ 16

అమ్మా,

జూలై 11న జట్టుతో కలిసి అపియా వస్తున్నాను! నా పేరు జట్టులో పడింది. చొక్కా కూడా ఇచ్చారు. అత్త దాన్ని రెండుసార్లు ఇస్త్రీ చేసింది, మూడోసారి చేస్తుంటే లాక్కున్నాను. నువ్వూ నాన్నా తప్పకుండా రావాలి. మీరు చూస్తుంటే ఆడాలని ఉంది.

ఫెర్రిస్ గారి నష్టం గురించి రాశావు. నాకు మొదట అర్థం కాలేదు. ఆయన పిల్లి చచ్చిపోయిన సంగతి అత్త నీకు రాసి ఉంటుంది. నీ ప్రార్థన సంగతి చెప్పాను. జేబులోంచి పిల్లి ఫోటో తీసి చూపించాడు.

మిసి

*

ఫలెపూనా
జూన్ 30

పీతపిల్లా,

నువ్వూ నాన్నా రండి అని రాశావు. ఊరంతా వస్తోందిరా! రెండు బస్సులు మాట్లాడాం. చోటు చాలకపోతే ఒళ్ళో కూర్చుంటారు, మామూలేగా. అపియా దీవికి దాటించే ఫెర్రీ వాడు కూడా మనవాడే. మన జట్టు రంగని బట్టలన్నీ నీలం రంగులో ముంచాం. రంగు మిగిలితే మీ నాన్న పందిపిల్లకి కూడా పూశాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు, మోకాలు నొప్పి కూడా మర్చిపోయాడు.

ఇప్పుడు జట్టులో గోల్ కాచేది మన ఎతు స్నేహితుడు సొలొమోనా. ఎతు చేతి తొడుగులే వేసుకుంటాడు. డిసెంబరులో అతని పెళ్ళి. నువ్వొస్తున్నావంటే ఎంత సంబరపడ్డాడో. "వాడు ముందు కొడతాడు, నేను వెనక కాస్తా" అన్నాడు.

ఆ రోజు నేను ఎక్కడ కూర్చుంటానో కనిపెట్టు. ఖాళీ కడుపుతో మాత్రం ఆటకి దిగకు.

అమ్మ

*

మాంగెరె
జూలై 19

అమ్మా,

వారమైంది. రోజూ కాగితం తీస్తున్నాను, పెట్టేస్తున్నాను.

ఆ రోజు బస్సు దిగేసరికి నా పేరు రాసిన నీలం గుడ్డ పట్టుకుని ఊరంతా నిలబడి పాడుతోంది. నేను న్యూజిలాండ్ తెల్ల చొక్కాలో దిగాను. పాట ఆగిపోయింది. నాన్న చేతిలో కర్ర మెల్లగా కిందికి దిగిపోవడం చూశాను. నువ్వొక్కదానివే ముందుకొచ్చావు. బజారులో గుడ్డ పరీక్ష చేసినట్టు నా చొక్కా అంచు పట్టుకుని చూశావు. "తిన్నావా?" అన్నావు. జవాబు చెప్పేలోగా నన్ను లోపలికి లాక్కెళ్ళిపోయారు.

అప్పుడు గేటు దగ్గర పాస్టరమ్మ నా చెవి పట్టుకుని చెప్పింది, చాప ఎందుకు పంపావో. నన్ను వదిలిపెట్టమని అడగడానికి! నేనేమో నువ్వు నన్ను వాళ్ళకి మనసారా ఇచ్చేశావనుకున్నాను.

ఇంతలో ఫెర్రిస్ గారు, నిన్ను గౌరవిద్దామని పాపం, ఆ చాప ఇక్కడిదాకా మోసుకొచ్చి మా బెంచీ మీద పరిచాడు. అందరూ దాని మీద కూర్చున్నారు! నేను వెళ్ళి సంగతి చెప్పగానే నిప్పు మీద కూర్చున్నట్టు లేచాడు. మిగతా వాళ్ళనీ లేపాడు. అందుకే ఆట సగం అయ్యేదాకా మా వాళ్ళంతా నిలబడే ఉన్నారు. మీరు అదేదో భక్తి అనుకుని ఉంటారు.

తరవాత ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళి అన్నాడు: "నువ్వింకా మైదానంలో కాలు పెట్టలేదు. పెట్టకపోతే రేపు వాళ్ళ వైపు వెళ్ళొచ్చు. నేనేమీ అనుకోను. నీ ఇష్టం."

విశ్రాంతి అయ్యేదాకా ఆలోచించాను. ఆ తరవాత దిగాను.

నిజం చెబుతున్నానమ్మా. నేను ఈ కుర్రాళ్ళతో పెరిగాను. ప్రతి శనివారం నా బూట్ల మట్టి గీకింది అత్త. ఇంకోటి కూడా ఉంది. నీలం చొక్కా వేసుకుంటే ప్రతిసారీ వెనక్కి తిరిగి మన గోల్ వైపు చూస్తాను. అక్కడ ఎతు ఉండడు. అది నావల్ల కాదు.

కానీ గోల్ కొడతాననుకోలేదు. అదీ సొలొమోనా మీద.

ఆట అయ్యాక చాప మడిచి నాన్న చేతిలో పెట్టాను. మాట్లాడకుండా తీసుకున్నాడు. నాన్న మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. మీరు తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో నువ్వు నా వైపు చూడలేదు.

ఒక్కటి చెప్పు. "తిన్నావా" అన్నావు కదా, దానర్థం సరే అనా, కాదు అనా? నన్ను వదిలేసినట్టేనా?

మిసి

*

ఫలెపూనా
ఆగస్టు 2

ఒరేయ్ పిచ్చి పీతపిల్లా,

బస్సులో నీ వైపు చూడకపోవడమేమిటి? నా ఒళ్ళో పాస్టరమ్మ కూర్చుంది. ఆవిడ టోపీ అవతల నాకేం కనపడుతుంది?

మొదట మీ నాన్న సంగతి చెబుతాను. ఆ రాత్రి ఇంటికొచ్చి, "మన ఇంటివాడు ఊరందరి ముందూ సొలొమోనా మొహాన గోల్ కొట్టాడు. తప్పు మన ఇంటిది. క్షమాపణ అడగాల్సిందే" అన్నాడు. తెల్లవారకముందే ఇద్దరం బయల్దేరి వాళ్ళ గుమ్మం ముందు తలవంచి కూర్చున్నాం. పద్ధతి ప్రకారం పైన చాప కప్పుకున్నాం. ఏ చాపో నీకు తెలుసు. వాళ్ళొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే అక్కడే ఉండాలి.

ఏం చెప్పనురా, ఆటకి ఒళ్ళు హూనమై సొలొమోనా పొద్దెక్కేదాకా నిద్రలేవలేదు! చినుకులు మొదలయ్యాయి. ఎక్కడినుంచో ఒక పందిపిల్ల వచ్చి చాప కిందికి దూరింది. చూస్తే మనదే, ఇంకా నీలంగానే ఉంది, మా వెంటే వచ్చేసింది. నాకు నవ్వాగలేదు. "కదలకు, ఇది గంభీరమైన ఘట్టం" అని మీ నాన్న గొణిగాడు. ఆయన పొట్ట కూడా కదులుతోంది.

చివరికి సొలొమోనా తల్లి అరిచింది: "లేవరా కుంభకర్ణా! పెద్దవాళ్ళు వానలో కూర్చున్నారు, నువ్వు లేస్తే గానీ నేను చాప తీయలేను!" వాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి చాప ఎత్తి, నన్ను లేపి, ఏడ్చాడురా అంతవాడు. "పిన్నీ, అది వదిలేసిన గోల్ కాదు. ఆ మూల ఎతు కూడా కాయలేకపోయేవాడు. వాడు మిసికి చిన్నప్పుడు నేర్పింది ఆ మూలే" అన్నాడు. అందరం కూర్చుని కొబ్బరిపాలలో వండిన చేమాకు తిన్నాం.

చాప అక్కడే వదిలేసి వచ్చాను. డిసెంబరులో వాడి పెళ్ళికి పనికొస్తుంది. పెళ్ళికని నేసిందేగా. పెళ్ళికే వెళ్ళింది.

ఇంకో సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. నీ కాలికి బంతి దొరికినప్పుడు నువ్వు నాలిక బయటపెట్టి పరిగెత్తావు. అచ్చం ఎతులాగే. ఊరంతా నోరు మూసుకుని కూర్చుంది. నేను ఒంటినిండా నీలం కట్టుకుని, లేచి నిలబడి, "కొట్టరా! కొట్టు!" అని అరిచాను. మన గోల్ వైపే! మీ నాన్న నా కొంగు పట్టి లాగాడు. నాకు తెలియలేదురా. గోల్ పడ్డాక తెలిసింది. ఇప్పటికీ దుకాణానికి వెళితే, "ఏమమ్మా, ఎవరి వైపు?" అంటారు. "పీతపిల్ల వైపు" అంటాను.

నువ్వడిగిందానికి జవాబు. తిన్నావా అంటే తిన్నావా అనే. చొక్కా పట్టుకుంది రంగు చూడటానికి కాదు, లోపల ఎముకలు చేతికి తగులుతాయేమోనని. జ్వరంలో ఎతు చొక్కా అలాగే వదులైపోయింది. ముందు నేను గమనించలేదు. ఆ క్షణాన నువ్వు తెలుపులో ఉన్నావో నీలంలో ఉన్నావో నాకు కనపడనే లేదు.

వదిలేయడమా? ఒకణ్ణి వాకిట్లో ఉంచుకున్నాను. నిన్ను కూడా ఈ వాకిట్లోనే ఉంచుకోవాలనిపించింది. అంతేరా, ఇంకే తగువూ లేదు. కానీ వాకిట్లో ఉన్నవాడు పరిగెత్తడు కదా. నువ్వు పరిగెత్తు. ఏ చొక్కాలోనైనా పరిగెత్తు. మళ్ళీ వాళ్ళతో ఇక్కడికొస్తే మన ఇంట్లోనే దిగు. ఫెర్రిస్ గారిని కూడా తీసుకురా. శంఖం ఊదకముందే రమ్మను, లేకపోతే చేపల డబ్బాలు కొనాలి. తెల్ల చొక్కా తొందరగా మాస్తుంది, అత్త చేతులు అరిగిపోతాయి, నువ్వే ఉతుక్కో.

ఆ రోజు నా మాటకి నువ్వింకా జవాబు చెప్పలేదు. తినలేదని నాకు తెలుసు, నీ మొహంలో కనపడింది. ఇకనుంచి ఆటకి ముందూ తరవాతా అత్త ఏది పెడితే అది వద్దనకుండా, కడుపునిండా తిను.